పిల్లికూనతో చెలిమి చేయడమెలా?

మీ పెరట్లోకో, బడి వసారాలోకో ఎప్పుడైనా దిక్కులేని పిల్లికూన వచ్చిందా? వస్తే మీరేం చేశారు? గబగబా వంటింట్లోకి పరుగెత్తి గిన్నెడు పాలు తెచ్చి దాని ముందు పెట్టి ఉంటారు. ఆ తర్వాత పట్టుకోబోయి ఉంటారు. అది బుస్సుమని మీ చేతిమీద నాలుగు గీతలు గీసి, బియ్యం డబ్బా వెనక్కి దూరి ఉంటుంది. "పిల్లికి విశ్వాసం ఉండదర్రా, కుక్కే నయం" అని ఇంట్లో పెద్దవాళ్లు అని ఉంటారు.

నిజంగా పిల్లికి విశ్వాసం ఉండదా? లేక దానితో చెలిమి చేయడం మనకే చేతకాదా? ముప్పై ఏళ్లుగా సైన్సు పాఠాలు చెబుతున్న నాకు కూడా ఈ ప్రశ్నకు జవాబు మొదట పుస్తకంలో దొరకలేదు. ఒక పొరపాటు చేశాకే దొరికింది. ముందు ఆ పొరపాటు సంగతి చెబుతాను.

నేను చేసిన తప్పు

ఆరేళ్ల క్రితం మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఒక పిల్లికూనను తెచ్చింది. "పదిమంది చేతులూ పడితే బెదిరిపోతుంది, నువ్వొక్కదానివే చూసుకో" అని నేనే సలహా ఇచ్చాను. ఆ అమ్మాయి అలాగే చేసింది. రెండు నెలల్లో ఆ కూన ఆమె అడుగులో అడుగు వేసి తిరిగేది. ఆమె ఒడిలోనే నిద్రపోయేది. మరెవరైనా గదిలోకి వస్తే మాత్రం మంచం కిందికి పారిపోయేది. "చూశారా మాస్టారూ, నేనంటే ఎంత ప్రేమో!" అని ఆమె మురిసిపోతే నేనూ మురిసిపోయాను.

వాళ్ల ఇంట్లో పిల్లిని ఉంచుకునే వీలు లేదు. అందుకని కాకినాడలో బంధువులకు ఇచ్చారు. వాళ్లు మంచివాళ్లే. కానీ ఆ కూన మూడు రోజులు బీరువా వెనక నుంచి బయటకు రాలేదు, తిండి ముట్టలేదు. నాలుగో రోజున కిటికీలోంచి దూకి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు. "నాకోసం వెతుక్కుంటూ పోయిందంటారా మాస్టారూ?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ తర్వాత చదివాను. చదివితే తెలిసింది, తప్పు నా సలహాలోనే ఉందని.

గడువున్న చదువు

ఇంటి పిల్లి మనుషులతో కలిసి బతకడం నిన్నమొన్నటి సంగతి కాదు. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి బయటపడింది. అందులో మనిషి అస్థిపంజరం, దాని పక్కనే ఒక పిల్లి అస్థిపంజరం ఉన్నాయి. ఈ సంగతి 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో వెంట తెచ్చుకున్నారన్నమాట.

అన్ని వేల ఏళ్ల స్నేహం ఉండగా మన వీధిలో పుట్టిన కూన మనల్ని చూసి బుస్సుమనడమెందుకు? ఇక్కడే అసలు కిటుకుంది. పిల్లికి పుట్టుకతో వచ్చేది మచ్చిక కాదు, మచ్చిక కాగల శక్తి మాత్రమే. మనిషి తనకు హాని చేయడన్న సంగతిని ప్రతి కూనా తన బతుకులో తానే కొత్తగా నేర్చుకోవాలి. మీకు మాటలొచ్చినట్టే ఇదీను! మాట్లాడే శక్తి పుట్టుకతో వచ్చింది, తెలుగు మాత్రం మీరు ఇంట్లో విని నేర్చుకున్నారు.

ఈ చదువుకు గడువుంది. 1980లలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే శాస్త్రజ్ఞురాలు పిల్లికూనల మీద పరిశోధన చేసింది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగిన కూనలు మనుషులకు బాగా దగ్గరయ్యాయి. ఆ వయసు దాటాక పట్టుకున్న కూనలు అంతగా దగ్గర కాలేదు. దాటిన తర్వాత అసలే నేర్చుకోవని కాదు. కానీ అదే పాఠానికి ఎన్నోరెట్లు ఎక్కువ కాలం, ఓపిక కావాలి.

నా తప్పేమిటో తెలియజేసింది మరొక ప్రయోగం. అది 1967 నాటిది. రాబర్టా కొలార్డ్ అనే పరిశోధకురాలు కొన్ని కూనలను ఒక్క మనిషి చేతనే ఆడింపజేసింది. మరికొన్నింటిని అయిదుగురు చేత ఆడింపజేసింది. తర్వాత కొత్త మనిషిని వాటి దగ్గరకు పంపింది. అందరికంటే తక్కువ బెదిరినవి ఏవి? అయిదుగురి చేతుల్లో మెలిగినవి! ఒక్కరి దగ్గర పెరిగిన కూన ఆ ఒక్కరిని నేర్చుకుంటుంది. పలువురి దగ్గర పెరిగిన కూన మనిషి అన్నవాడినే నేర్చుకుంటుంది. మరొక ఇంటికి పంపవలసిన కూనకు కావలసింది ఈ రెండో చదువే. నేను ఆ అమ్మాయి చేత మొదటిది చెప్పించాను.

పులసల బజారులో దొరికిన కూన

ఈ పాఠాన్ని సరిదిద్దుకునే అవకాశం మొన్నటి వర్షాకాలంలో వచ్చింది. మా యానాం గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. వరదనీరు ఎర్రగా దిగే రోజుల్లో సముద్రం నుంచి ఏటికి ఎదురీదే పులసల కోసం మా బజారుకు జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలాంటి రోజున చేపలమ్మే బల్ల కింద, తడిసిన గోనెసంచి మడతలో, బూడిదరంగు కూన ఒకటి కనబడింది.

మీరైతే వెంటనే తీసుకుపోయేవారేమో. ఆగాలి! ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, తల్లి ఉందా? 'పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది' అంటారు. అది ఉత్తమాట కాదు. ప్రమాదం అనుకుంటే తల్లి కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకుని చోటు మారుస్తుంది. ఒంటరిగా కనబడిన కూన, తల్లి రెండో విడత కోసం ఆగి ఉన్న కూన కావచ్చు. అందువల్ల వాన, కుక్కలు లాంటి ప్రమాదం లేకపోతే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. తల్లి పాలను మించినది మన దగ్గర ఏమీ లేదు. మా కూన విషయంలో చేపలమ్మే ఆమే చెప్పింది: "దాని తల్లి మూడ్రోజుల్నించి కనపడ్డం లేదండి మాస్టారండి. లారీ కింద పడిందంటున్నారు."

రెండోది, అది ఇంటి పిల్లి కూనేనా? ఈ ప్రశ్న మా ప్రాంతంలో చాలా ముఖ్యం. మా పక్కనే కోరింగ మడ అడవులున్నాయి. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవుల్లో బావురుపిల్లి ఉంది. నీటిలోకి దిగి చేపలు పట్టే పిల్లి కనుక నీటిపిల్లి అని కూడా అంటారు. బూడిద కలిసిన ఒంటి మీద నల్లని మచ్చల వరుసలు, పొట్టి తోక, కొంతవరకు చర్మంతో కలిసిన కాలివేళ్లు దాని గుర్తులు. మడ అడవుల్లోనో, చేపల చెరువు గట్ల తుప్పల్లోనో అలాంటి మచ్చల కూన కనిపిస్తే ముట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. పైగా దాన్ని మచ్చిక చేయడం దానికి మేలు చేయడం కాదు, అడవిని దూరం చేయడం. అక్కడే వదిలి అటవీశాఖ వారికి చెప్పండి.

మా కూన ఒంటిమీద మచ్చలు లేవు. సన్నని చారలున్నాయి, తోక పొడుగ్గా ఉంది. వీధి పిల్లే. చేపలామె నవ్వుతూ దాన్ని కాటాలో పెట్టింది. 450 గ్రాములు తూగింది. "పులస అనుకోండి మాస్టారండి, డబ్బులొద్దు!" అంది. పిల్లలు దానికి ఆ పేరే ఖాయం చేశారు.

వయసు ఎలా కట్టాలి?

పిల్లికూన పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది. ఆ తర్వాత వారానికి ఇంచుమించు మరో 100 గ్రాములు పెరుగుతుంది. ఏడు నుంచి పధ్నాలుగు రోజుల్లో కళ్లు తెరుస్తుంది. మూడో వారానికి చెవులు నిక్కుతాయి. నాలుగో వారానికి కోరపళ్లు కనబడతాయి. కళ్లు నీలంగా ఉంటే ఏడు వారాల లోపుదే. మా పులస కళ్లు నీలం, కోరలు వచ్చాయి, బరువు 450 గ్రాములు. నాలుగైదు వారాల వయసని తేల్చాం. అంటే చదువుకు గట్టిగా రెండు మూడు వారాల గడువే మిగిలింది.

నాలుగు వారాల లోపు కూనలకు తమ ఒంటి వేడిని నిలుపుకునే శక్తి చాలదు. మామూలుగా పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. చల్లబడిన కూనకు ఆహారం పెట్టరాదు, అరగదు. ముందు సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, బట్ట చుట్టి, పక్కన పెట్టాలి. వెచ్చబడ్డాకే ఆహారం.

పాలు కాదు, మరేమిటి?

పిల్లి, పాలు - మన సామెతల్లో ఈ జంట విడదీయరానిది. సైన్సు ఒప్పుకోదు! పిల్లి పాలలో ఆవు పాలలో కంటే రెట్టింపుకు పైగా మాంసకృత్తులుంటాయి. ఆవు పాలలోని లాక్టోజు అనే చక్కెరను అరిగించే ఎంజైము, తల్లిపాలు మానే వయసులో కూనలకు తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలు పట్టిస్తుంది. అరకిలో లేని ప్రాణికి విరేచనాలంటే చిన్న సంగతి కాదు, ఒక్క రోజులో ప్రాణం పోవచ్చు. పళ్లు రాని కూనకు పిల్లికూనల కోసం తయారయ్యే పాలపొడి కావాలి. పశువైద్యుణ్ణి అడగండి. పళ్లు వచ్చిన కూనకు మెత్తని మాంసాహారం, పక్కన మంచినీళ్లు చాలు.

పోనీ, పెరుగన్నం? అదీ చాలదు. టారిన్ అనే పదార్థాన్ని మన శరీరం తయారు చేసుకుంటుంది. పిల్లి శరీరం తనకు కావలసినంత చేసుకోలేదు. అది మాంసంలోను, చేపల్లోను దొరుకుతుంది, అన్నంలో దొరకదు. టారిన్ లేకపోతే పిల్లి నేత్రపటలం చెడి గుడ్డిదవుతుందని 1975లో, గుండె దెబ్బతింటుందని 1987లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. టారిన్ నీటిలో కరుగుతుంది. అందుకే చేప ఉడికిన నీళ్లు పారబోయకుండా కలిపి పెట్టాం. పచ్చిచేప మాత్రం పెట్టలేదు. కొన్ని చేపల్లో బి1 విటమినును పాడుచేసే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది నశిస్తుంది. ముల్లు తీయడం మరిచిపోవద్దు. చేపల పులుసులో ముక్క అసలే వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తుటిలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి చచ్చిపోతుంది.

స్కేలుతో కొలిచిన స్నేహం

పులసను మా ప్రయోగశాల పక్క చిన్న గదిలో ఉంచాం. ఒక మూల తలకిందులు చేసిన అట్టపెట్టె. దానికి కూన దూరేంత కన్నం. దాక్కునే చోటు ఉన్న కూనే బయటకు వచ్చే ధైర్యం చేస్తుంది. ఇంకో మూల పళ్లెంలో గోదావరి ఇసుక. ఆ వయసు కూనలు ఇసుక చూస్తే తవ్వి అందులోనే మలవిసర్జన చేస్తాయి, నేర్పనక్కరలేదు. మనం చేయవలసింది రోజూ ఇసుక మార్చడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం.

పట్టుకోవడం నిషేధం. నేలమీద కూర్చోవడం, గిన్నె పెట్టడం, కదలకుండా ఉండడం - అంతే. మనిషికీ, అన్నం తింటున్న కూనకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాశాం. మొదటిరోజు మనిషి గదిలో ఉంటే అసలు తినలేదు. రెండో రోజు 3 మీటర్లు. నాలుగో రోజు 1 మీటరు 20 సెంటీమీటర్లు. అయిదో రోజు వరండాలో ఎవరో బకెట్టు పడేశారు, దూరం మళ్లీ 2 మీటర్లకు పెరిగింది! ఏడో రోజు 30 సెంటీమీటర్లు. తొమ్మిదో రోజు చెంచాలోంచి నాకింది. అప్పుడు చూపుడు వేలు దాని ముక్కు ఎత్తున చాచాం. వాసన చూసి, చెంప రాసింది. అదే మొదటి స్పర్శ.

చేయి పైనుంచి దించితే కూనకు గద్ద దిగినట్టుంటుంది. కింది నుంచి, చెంపలు, గడ్డం దగ్గర నిమరాలి. కళ్లలోకి తేరిపార చూడటం పిల్లుల భాషలో బెదిరించడం. నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే? 2020లో ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్‌స్మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇది పరీక్షించారు. అలా కళ్లార్పిన కొత్త మనిషి చాచిన చేతి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వచ్చాయి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి గురించి మీరు విన్నారు. ఇక్కడ కళ్లు మూయవలసింది మనం!

పన్నెండో రోజు నుంచి మనుషులను మార్చాం. గలగలమనే గాజుల చేపలామె, పొడిదగ్గుతో బడి నౌకరు, ఆరేళ్ల పాప, మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాడు, నేను. ఒక్కొక్కరు రోజూ అరగంట. వినాయక చవితి మైకు మోత దూరం నుంచి వినిపిస్తున్నప్పుడే చేప ముక్క పెట్టాం. చప్పుడుతో పాటు మంచి సంగతి జరిగితే చప్పుడంటే భయం పోతుంది. దారంతో ఆడించాం, వేళ్లతో కాదు. వేళ్లు ఆటవస్తువని కూన నేర్చుకుంటే పెద్దయ్యాక ఆ ఆట రక్తాలు తెప్పిస్తుంది.

గీత పడితే దాచవద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. పిల్లి కరిచినా, గీరినా రేబిస్ రావచ్చు. రోగ లక్షణాలు బయటపడ్డాక బతికేవారు దాదాపు లేరు. కానీ ముందే జాగ్రత్త పడితే రాకుండా పూర్తిగా ఆపవచ్చు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు చెప్పిన రోజుల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి. ఈ టీకాను మొదట మనిషికి వేయించింది ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్, 1885 జూలై 6న. అప్పటికి మా యానాం కూడా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. 1907 నుంచి మన దేశంలో కూనూరులో ఆయన పేరిట సంస్థ ఉంది. ఇంట్లో తిడతారని గీతను చొక్కా చేతి కింద దాచుకునే పిల్లలున్నారు. తిట్లు సాయంత్రానికి పోతాయి. రేబిస్ పోదు.

పులసను మొదటి వారంలోనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి ఏలిక పాముల మందు వేయించాం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయాలన్నారు.

కొత్త ఇల్లు

తొమ్మిదో వారానికి పులస 900 గ్రాములయింది. కనకాలపేటలో మా తొమ్మిదో తరగతి కుర్రాడి అమ్మమ్మ ఒంటరిగా ఉంటుంది. ఆమె వలలు ఎలుకలు కొరికేస్తున్నాయి. "పిల్లినిస్తారా?" అంది. ఇవ్వడానికి ముందే నాలుగుసార్లు బడికి రప్పించి ఆమె చేత తినిపించాం.

మూత ఉన్న బుట్టలో, పాత పడక గుడ్డతో సహా పంపాం. ఆ వాసన కొత్తచోట ధైర్యమిస్తుంది. మొదటి మూడు రోజులు ఒకే గది, అదే తిండి, అదే ఇసుక. మూడు వారాల దాకా బయటకు వదలవద్దన్నాం. టీకా తేదీ, ఆరు నెలల లోపు పిల్లలు పుట్టకుండా చేయించవలసిన ఆపరేషను సంగతి చీటీ మీద రాసి ఇచ్చాం. పిల్లి రెండు నెలలు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. ఆపరేషను చేయించకపోతే మళ్లీ బజారు బల్లల కింద కూనలే.

మర్నాడు సాయంత్రం నేనూ, ఆ కుర్రాడూ వెళ్లాం. పులస అమ్మమ్మ కాళ్ల దగ్గర చేప ముక్క తింటోంది. మమ్మల్ని చూసి ఒకసారి తోక ఎత్తింది, మళ్లీ తిండిలో పడింది. కుర్రాడి మొహం చిన్నబోయింది. "మనల్ని అప్పుడే మరిచిపోయిందండి మాస్టారూ" అన్నాడు.

"మరవలేదురా, తోక ఎత్తింది చూడలేదా? బెదరడం మరిచిపోయింది" అన్నాను. వాడు ఒప్పుకున్నాడో లేదో గాని, నోటుబుక్కు తీసి చివరి గడిలో అమ్మమ్మకూ, పులసకూ మధ్య దూరం రాసుకున్నాడు: 0 సెంటీమీటర్లు.

మీ దగ్గరకూ ఎప్పుడో ఒక కూన వస్తుంది. ముందు తల్లి కోసం చూడండి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఒక నోటుబుక్కు, స్కేలు దగ్గర పెట్టుకుని నేలమీద కూర్చోండి.